చిట్టికి పెట్టిన పరీక్షలు

శంకర్ ‘రోబో’ (2010)లో ఒక అగ్నిప్రమాదం ఉంది. రజనీకాంత్ వేసిన మరమనిషి చిట్టి మంటల్లోకి వెళ్లి ఒక్కొక్కరినే బయటికి తెస్తాడు. స్నానం చేస్తున్న ఒక అమ్మాయిని కూడా ఉన్నదున్నట్టుగా ఎత్తుకొచ్చి కెమెరాల ముందు దించుతాడు. ఆమె సిగ్గుతో పరుగెత్తి, లారీ కింద పడి చనిపోతుంది. టీవీలో ఇది చూస్తూ మా అమ్మ, ‘‘ఆ కెమెరా దించమని ఒక్కడూ అన్లేదేంటే?’’ అంది. సాహిత్యంలో డాక్టరేట్ ఉన్న నాకు అప్పటిదాకా తట్టని ప్రశ్న అది.

సినిమాకీ తట్టలేదు. చిట్టికి మనుషుల మనసు తెలియకపోవడమే ఆ చావుకి కారణమని తేల్చేసి, భావాలు నేర్పడానికి కూర్చుంటాడు శాస్త్రవేత్త వశీకరన్. ఆ పిల్లని చూసిన జనం, చిత్రీకరించిన వాళ్లు, ఒళ్లు కనబడితే ఇక బతకకూడదని ఆమెకి ఉగ్గుపాలతో నేర్పిన మనం, ఎవరమూ ముద్దాయిలం కాము. తప్పు యంత్రానిది, అదీ సాంకేతిక లోపం. ఇంతకీ మనిషితనం అంటే ఏమిటని చిట్టికి నేర్పుతున్నట్టు? ఆడదాని మానం ఆమె ప్రాణం కన్నా ఎక్కువని.

రెండో పరీక్ష కూడా ఆడదాని ఒంటి మీదే. సనా తోబుట్టువుకి కష్టమైన కాన్పు చేసి, బిడ్డని బతికించాక చిట్టి నెగ్గుతాడు. మెచ్చుకోలుగా సనా ఒక ముద్దు పెడితే దాన్ని ప్రేమ అనుకుంటాడు. ఆమె కాదన్నా వినడు. దర్శకుడు చాలా తెలివిగా ఈ దౌర్జన్యాన్నంతా తర్వాత బోరా పెట్టిన ఎర్ర చిప్ మీదికి తోసేశాడు గానీ, సనా తనకే కావాలన్న పట్టు చిప్ పెట్టకముందే మొదలైంది. మన కాలేజీల దగ్గర వెంటపడే కుర్రాళ్లకి ఏ చిప్ పెట్టారో!

మాది పెనుగొండ. మంటల మధ్య ఆడపిల్ల అనగానే మా ఊళ్లో ఎవరికైనా వాసవి గుర్తొస్తుంది. విష్ణువర్ధనుడు పెళ్లాడతానంటే ఆమె ఒప్పుకోలేదు. అగ్నిప్రవేశం చేసింది, 102 గోత్రాల వాళ్లు ఆమె వెంట నడిచారు. చిన్నప్పుడు ఈ కథని వంశగౌరవం కథగానే విన్నాను. పెద్దయ్యాక నాకు అందులో అన్నిటికన్నా ముందు వినబడింది ఒక పిల్ల రాజుతో ‘నాకిష్టం లేదు’ అనడం. మంటలు ఎందుకు తప్పలేదన్న దిగులు నాకు ఇప్పటికీ ఉంది. అయినా ఆ కథలో కన్యకి ఒక నిర్ణయం ఉంది, పేరుంది, ఊరంతా తలుచుకునే గుడి ఉంది. ఇరవై ఒకటో శతాబ్దపు వైజ్ఞానిక సినిమా తన అమ్మాయికి ఒక్క మాట కూడా దక్కనివ్వలేదు. చిట్టి పాఠం ముందుకి సాగడానికి ఆమె చావు పనికొచ్చింది, అంతే.

నాగ్ అశ్విన్ ‘కల్కి 2898 ఏ.డి.’ (2024) కొంత నయమనే అనాలి. గర్భం దాల్చగల ఆడవాళ్లకి అంకెలు వేసి, ప్రయోగశాలలో పిండుకోవడాన్ని అది క్రూరత్వంగానే చూపిస్తుంది. దీపికా పడుకోణె వేసిన సుమతి మంటల్లోంచి నడిచి బయటికొస్తుంది, చనిపోదు. కానీ ప్రయోగశాలకి కావలసిందీ, ఆమెని కాపాడేవాళ్లకి కావలసిందీ ఆ కడుపే. సుమతికి ఏం కావాలో తెలుసుకునే తీరిక మూడు గంటల సినిమాకి లేకపోయింది.

అందులోనే భైరవ నడిపే బండి బుజ్జి ఉంది. అది కృత్రిమ మేధ, గొంతు కీర్తి సురేష్‌ది. భైరవని దెప్పుతుంది, వెటకారమాడుతుంది, అతని పనీ చేసిపెడుతుంది. ఇంటి ఆడమనిషి చాకిరీని బండికెత్తారని నేను విసుక్కుంటే, అమ్మ మాత్రం దాని మాటలకి నవ్వుకుంది.

‘‘పోనీలేవే, దీనికి ఒళ్లు లేదు. ఎవరేం చూస్తారోనన్న బెంగ లేదు’’ అంది.