లాగిన్ వేళ తెలుగు: పరిసర చరరాశుల గుణదోషాలు

కంప్యూటర్‌లో తెలుగు ఫైలు పేర్లు ప్రశ్నార్థకాలుగా కనిపించినప్పుడు, పేర్లపట్టిక తారుమారైనప్పుడు, లోపం తెలుగు లిపిలోనే ఉన్నదని విద్యార్థులు అనుకొనడం కద్దు. ఇది సరికాదు. చాలా సందర్భాలలో లోపం లాగిన్ సమయాన జరిగే ఒక చిన్న అమరికలో ఉంటుంది. ఆ అమరికకే పరిసర చరరాశులు అని పేరు. లినక్స్ వంటి వ్యవస్థలలో దీని మేలును, కీడును తూచి చూడడం అవసరం.

1979లో బెల్ లేబొరేటరీల నుండి వెలువడిన యూనిక్స్ ఏడవ కూర్పులో ఈ ఏర్పాటు కుదురుకొన్నది. వాడుకరి సొంత డైరెక్టరీ ఏది, ఆదేశాలను ఎక్కడ వెదకవలెను అనే సంగతులను ప్రతి ప్రోగ్రామూ విడివిడిగా అడుగనక్కరలేదు. హోమ్, పాత్ అనే పేర్లతో అవి ముందే సిద్ధంగా ఉంటాయి. తరువాతి కాలంలో చేరిన లాంగ్ అనే చరరాశి వాడుకరి భాషను తెలుపుతుంది.

గోదావరి డెల్టా విద్యార్థికి దీని నడక సులభంగానే బోధపడుతుంది. 1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్ట దగ్గర నీరు ప్రధాన కాలువలకు మళ్లినది. అక్కడినుండి పిల్ల కాలువలకు, పంట బోదెలకు పారినది. బోదెలో కలిపిన ఎరువు ఆనకట్టకు ఎగబ్రాకదు. అట్లే లాగిన్ షెల్‌లో నింపిన విలువ దానినుండి పుట్టిన ప్రోగ్రాములకు సంక్రమిస్తుంది. పిల్ల ప్రోగ్రాము చేసిన మార్పు తల్లికి చేరదు. ఈ ఏకముఖ ప్రవాహం గొప్ప సుగుణం. ఒక ప్రోగ్రాము పొరపాటు తక్కినవాటిని చెరుపదు.

కాని ఈ పోలిక ఒకచోట చెల్లదు. కాలువ నీరు నిరంతరం పారుతుంది; చరరాశి మాత్రం ప్రోగ్రాము పుట్టినప్పుడు ఒక్కసారి ఇచ్చే నకలు. అది కాలువలో ముంచుకొన్న బిందె వంటిది. తరువాత కాలువ తేటపడినా బిందెలోని నీరు మారదు. అందుచేతనే లాగిన్ ఫైలును సవరించిన వెంటనే ఫలితం కనిపించదు. తిరిగి లాగిన్ కావలసి ఉంటుంది. ఆదేశాన్ని మాత్రం వ్రాయించి ఈ కారణాన్ని వదలివేసే పాఠం సగం పాఠమే.

అసలు చిక్కు మరొకచోట ఉన్నది. బాష్ లాగిన్ షెల్ మొదట యావద్వ్యవస్థకు చెందిన ప్రొఫైల్ ఫైలును చదువుతుంది. పిమ్మట వాడుకరి డైరెక్టరీలో బాష్‌ప్రొఫైల్, బాష్‌లాగిన్, ప్రొఫైల్ అనే మూడింటిని వరుసగా వెదకి, మొదట దొరికినదానిని మాత్రమే చదువుతుంది. లాగిన్ కాని షెల్ చదివేది బాష్‌ఆర్‌సీ అనే వేరొక ఫైలు. బొమ్మల తెరమీద లాగిన్ అయినవారికి బాష్‌ప్రొఫైల్ అసలే వర్తించకపోవచ్చును. ఒకే విలువకు ఇన్ని వాకిళ్లుండడం చరిత్ర మిగిల్చిన గజిబిజి. దీనిని సుగుణమనుట కష్టం.

దీని ఫలితం తెలుగుకు ఎట్లు తగులుతుందో చూడండి. గోదావరి అనే మాట కంటికి నాలుగు అక్షరాలు. యూనికోడ్‌లో గుణింతపు గుర్తులను విడిగా లెక్కించగా ఏడు సంకేతాలు. యూటీఎఫ్-8లో ఒక్కొక్కటి మూడు బైట్లు గనుక మొత్తం 21. లాంగ్‌లో తెలుగు లొకేల్ ఉన్నచో అక్షరాలను లెక్కించే ఆదేశం 7 అని చెబుతుంది. ఏ విలువా లేక సీ అనే మూల లొకేల్ మిగిలిపోయినచో 21 అంటుంది. ఫైలు ఒకటే, మాట ఒకటే, మారినది పరిసరమే.

అయితే చరరాశి సర్వరోగనివారిణి కాదు. కవిత, కళావతి అనే పేర్లను బడి వర్ణమాల ప్రకారం కూర్చితే కవిత ముందు రావలెను. ఏలనగా ళ అనే అక్షరం హ తరువాతిది. సంకేత సంఖ్యల వరుసలో కళావతి ముందు వస్తుంది. భారతీయ లిపులన్నిటికీ ఉమ్మడి వరుస కల్పించిన ఇస్కీ పద్ధతిని యూనికోడ్ అనుసరించినందున ళ ల ప్రక్కన, ఱ ర ప్రక్కన నిలిచినవి. క్రమాన్ని నిర్ణయించే ఎల్‌సీ కొలేట్ చరరాశి ఏ నియమావళిని తెరువవలెనో చెప్పగలదు. నియమాలను తాను సృష్టించలేదు. ఆ పేరుగల లొకేల్ యంత్రంలో లేకపోతే సాధారణంగా ప్రోగ్రాము మూల లొకేల్‌తోనే సాగిపోతుంది. ఇట్లు మౌనంగా విఫలమగుటే ఈ ఏర్పాటులోని పెద్ద దోషం.

తొందరపడి ఎల్‌సీ ఆల్ అనే చరరాశిని లాగిన్ ఫైలులో శాశ్వతంగా ఉంచడమూ తగదు. అది తక్కిన లొకేల్ చరరాశులన్నిటినీ త్రోసివేస్తుంది. పరీక్షార్థం ఒక్క ఆదేశానికి వాడుకొనుటకు అది తగినది. భాషను లాంగ్‌లో ఒకేచోట నిర్ణయించి, అవసరమైన అంశానికి మాత్రమే వేరే విలువ ఇవ్వడం మేలు.

ప్రయోగశాలలో ఉపాధ్యాయులు ఈ ఒక్క మాటతో అక్షరాల లెక్కను రెండు లొకేళ్లలో చేయించి చూపవచ్చును. 7, 21 అనే రెండు జవాబులను కళ్లారా చూచిన విద్యార్థి తన భాష యంత్రానికి తగదని ఇక ఎన్నడూ అనుకొనడు. యంత్రానికి ఏమి చెప్పవలసి ఉన్నదో అడుగుతాడు.