ఇంటి మాటకు దగ్గరి పుస్తకం

శ్రీవిల్లిపుత్తూరు నుంచి రాజపాళయం, సాత్తూరు, కోవిల్‌పట్టి దాకా ఎన్నో ఇళ్లలో తరతరాలుగా మాట్లాడుకునేది తెలుగే. చదువు మాత్రం తమిళంలో. పెద్దయ్యాక పట్టుబట్టి తెలుగు అక్షరాలు నేర్చుకున్నవాళ్లకు అసలు చిక్కు ఆ తర్వాతే మొదలవుతుంది: ముందు ఏ పుస్తకం పట్టుకోవాలి?

ఊరి మీద అభిమానం ‘ఆముక్తమాల్యద’ వైపు లాగుతుంది. గోదాదేవి కథ, విల్లిపుత్తూరు వర్ణన, రాసింది సాక్షాత్తూ కృష్ణదేవరాయలు. కానీ తెలుగు సాహిత్యంలో కొరుకుడుపడని ప్రబంధాల్లో అదొకటి. పండితులకే వ్యాఖ్యానం కావాలి. కొత్త పాఠకుడు రెండు పద్యాల దగ్గరే ఆగిపోయి, తెలుగు తనకు రాదనుకుంటాడు. అది నిజం కాదు. అతనికి రానిది ప్రబంధం మాత్రమే.

జపనీస్ నేర్చుకునేవాళ్లలో ‘తదోకు’ అనే పద్ధతి ఉంది. తేలికైనవాటితో మొదలుపెట్టాలి, నిఘంటువు తీయకూడదు, తెలియని మాట వదిలేసి సాగిపోవాలి, పుస్తకం సాగకపోతే ఇంకోటి అందుకోవాలి. తమిళంలో చదువుకున్న తెలుగువాడికి ఇది ఇంకా బాగా పనికొస్తుంది. అతనికి భాష ముందే వచ్చు, తడబడేది కన్నే. తమిళంలో క, గ రెండింటికీ ఒకే అక్షరం. తెలుగులో ఖ, ఘ కూడా వేరు. అక్షరం కింద వత్తులు మరీ కొత్త. ‘కష్టం’ అని నోటితో ఎన్నిసార్లు అన్నా, ష కింద ట వత్తును పోల్చుకోవడానికి కొన్నాళ్లు పడుతుంది. అందుకే మొదట్లో పైకి చదవాలి. అక్షరం తడబడినా చెవి సరిదిద్దుతుంది.

ఆ దశకు ‘చందమామ’ను మించింది లేదు. 1947లో మద్రాసులో తెలుగు చందమామ, తమిళ ‘అంబులిమామ’ కలిసే పుట్టాయి. ఒకే బొమ్మలు, ఒకే కథలు. చిన్నప్పుడు అంబులిమామ చదివినవాళ్లకు కథ ముందే తెలుసు కాబట్టి కన్ను అక్షరం మీదే నిలుస్తుంది.

తర్వాత రచయిత నామిని ‘మిట్టూరోడి కతలు’. చిత్తూరు జిల్లా పల్లె మాటను పలికినట్టే అచ్చులో పెట్టిన పుస్తకం. కోవిల్‌పట్టి దగ్గరి ఇడైసెవల్‌లో పుట్టి, ఇంట్లో తెలుగు మాట్లాడుతూ తమిళంలో రాసిన కి. రాజనారాయణన్ కరిసల్ (నల్లరేగడి) నేల యాసకు ఇలాగే గౌరవం తెచ్చారు. తెలుగువాళ్ల వలస కథ చెప్పిన ఆయన నవల ‘గోపల్ల గ్రామం’ 1976లో వచ్చింది. దాని కొనసాగింపుకు 1991లో సాహిత్య అకాడెమీ పురస్కారం దక్కింది. కి.రా.ను ఇష్టంగా చదివినవాళ్లకు నామిని పరాయివాడు కాడు.

మొదటి నవలగా డాక్టర్ పి. శ్రీదేవి ‘కాలాతీత వ్యక్తులు’ మంచిది. సంభాషణల మీదే నడుస్తుంది, వర్ణనల బరువు తక్కువ. దీని ఆధారంగా 1963లో ‘చదువుకున్న అమ్మాయిలు’ సినిమా వచ్చింది. ముందు సినిమా చూసి నవల తెరిచినా తప్పులేదు.

కోస్తా, సీమ, తెలంగాణ పాఠకులకు ఒక మనవి. అటకెక్కిన పాత చందమామలను కాగితాలవాడికి తూకానికి వేయకండి. శ్రీవిల్లిపుత్తూరు, కోవిల్‌పట్టి వైపు బంధువులో స్నేహితులో ఉంటే ఆ కట్ట వాళ్లకు పంపండి.