ఒప్పుకోలు గదిలో మూయబడిన ప్రశ్న: ‘అధికారిక చరిత్ర’ చిత్రముపై రిస్పా వెలుగులో ఒక విమర్శ

లూయిస్ పుయెన్జో దర్శకత్వములో 1985లో వెలువడిన అర్జెంటీనా చలనచిత్రము ‘లా ఇస్తోరియా ఒఫిసియాల్’, అనగా ‘అధికారిక చరిత్ర’. 1986లో ఉత్తమ విదేశీ భాషా చిత్రముగా ఆస్కారు బహుమానము పొందిన ఈ చిత్రమును రాజకీయ దృష్టితో చర్చించినవారు అనేకులు. కాపరి పరిచర్య దృష్టితో పరిశీలించుట ఈ వ్యాసము ఉద్దేశము. బిడ్డలను పోగొట్టుకొనిన తల్లుల ప్రశ్న సంఘము తలుపు తట్టినప్పుడు సంఘము ఏమి చేయుచున్నది? చిత్రము ఒక దృశ్యములో దీనికి పదునైన జవాబు ఇచ్చుచున్నది. అయితే ఆ తల్లులను మాత్రము కథ అంచుననే నిలుపుచున్నది. ఈ రెండు సంగతులను 2 సమూయేలు 21లోని రిస్పా వృత్తాంతముతో కలిపి చూడవలెనని మా అభిప్రాయము.

నేపథ్యము

1976 మార్చి 24న అర్జెంటీనాలో సైన్యము అధికారము చేజిక్కించుకొనెను. 1983 డిసెంబరు వరకు సాగిన ఆ పాలనలో వేలాదిమందిని ఇండ్లనుండి, వీధులనుండి ఎత్తుకొనిపోయి రహస్య శిబిరములలో హింసించి చంపిరి. ప్రభుత్వము వారిని ఎరుగమనెను. ప్రజాపాలన తిరిగి వచ్చిన తరువాత నియమింపబడిన విచారణ సంఘము 1984లో దాదాపు 9,000 మంది పేర్లు నమోదు చేసెను. మానవ హక్కుల సంఘములు చెప్పు సంఖ్య 30,000. చెరలో ప్రసవించిన స్త్రీల శిశువులను పాలకుల అనుకూలురకు అప్పగించిరి.

ఒప్పుకోలు దృశ్యము

చిత్రములో అలీసియా బ్యూనస్ ఎయిరెస్‌లో చరిత్ర బోధించు ఉపాధ్యాయిని. దత్తపుత్రిక గాబీకి ఐదేండ్లు. ప్రవాసమునుండి తిరిగివచ్చిన స్నేహితురాలి మాటలవలన అలీసియాలో అనుమానము పుట్టును: ఈ బిడ్డ కన్నతల్లి ఏమైనది? ఆమె ఒప్పుకోలుకు వెళ్లి ఆ సత్యము తనకు కావలెనని గురువును అడుగును. అతనికి ఏదో తెలిసియున్నదని ప్రేక్షకునికి అర్థమగును. అయినను అతడు సూటిగా చెప్పక, క్షమాపణ వాక్యములు పలికి ముగించును. ఆ వాక్యములలో తప్పు లేదు. తప్పంతయు వాటిని పలికిన సమయములో ఉన్నది. ప్రశ్న పూర్తి కాకముందే వచ్చిన క్షమాపణ ఇక్కడ ప్రశ్నను మూయు మూతగా మారెను. చిత్రమంతటిలో కాపరులమైన మనము మరల మరల చూడదగిన దృశ్యమిదే.

చిత్రములోని కొరత

అయితే ఈ కథ మేలుకొనిన అలీసియా కథ. పోగొట్టుకొనినవారి పక్షమున మాటలాడునది గాబీ అమ్మమ్మయై యుండగల సారా ఒక్కతే. ఫొటోలు పట్టుకొని మైదానములో నడచు స్త్రీలు దూరమునుండి కనబడుదురు. వారు ఎట్లు సంఘటితులైరో, ఏ వెల చెల్లించిరో చిత్రమునుండి తెలియదు.

అసుసేనా విల్లాఫ్లోర్ కుమారుడు నెస్తోర్‌ను 1976 నవంబరులో ఎత్తుకొనిపోయిరి. కార్యాలయములు తిరిగి విసిగిన ఆమె, ఒంటరిగా అడుగుట వ్యర్థమని గ్రహించి, ఇతర తల్లులను కూడగట్టెను. 1977 ఏప్రిల్ 30న 14 మంది స్త్రీలు అధ్యక్ష భవనము ఎదుటనున్న ప్లాసా దె మాయో మైదానములో నిలిచిరి. గుంపుగా నిలువరాదని పోలీసులు చెప్పగా, ఇద్దరిద్దరుగా నడచిరి. లుహాన్ తీర్థయాత్రలో ఒకరినొకరు గుర్తించుటకు పసిబిడ్డల పొత్తిగుడ్డలను తలకు కట్టుకొనిరి. తెల్లని తలగుడ్డ వారి గుర్తాయెను. ఆల్ఫ్రెదో ఆస్తీస్ అను నౌకాదళ అధికారి బాధితుని సహోదరునివలె నటించి వారిలో చేరెను. 1977 డిసెంబరు 8న సాంతా క్రూస్ దేవాలయమువద్ద ఇద్దరు తల్లులను, ఒక ఫ్రెంచి సన్యాసినిని, మరికొందరిని పట్టుకొనిపోయిరి. రెండు దినముల తరువాత అసుసేనాను పట్టుకొనిరి. విమానమునుండి సముద్రములో పడవేయబడిన ఆమె దేహము ఒడ్డుకు కొట్టుకొనివచ్చి, పేరులేని సమాధిలో ఉండెను. 2005లో గుర్తింపబడిన తరువాత ఆమె అస్థికలను ఆ మైదానములోనే ఉంచిరి.

ఆ దేశపు సంఘమంతయు చిత్రములోని గురువువంటిదే అనుట న్యాయము కాదు. పోలీసు చాప్లిన్ క్రిస్టియన్ ఫోన్ వెర్నిక్ హత్యలలోను హింసలోను భాగస్వామియని 2007లో శిక్షింపబడెను. తల్లులకు చోటిచ్చినదియు ఒక దేవాలయమే. మెథడిస్టు బిషప్పు ఫెడెరికో పగురా వంటివారు బాధితుల పక్షమున నిలిచిరి.

రిస్పా సాక్ష్యము

రిస్పాను మౌన సహనమునకు మాదిరిగా మన ప్రసంగములలో తరచుగా చూపుదుము. వాక్యభాగ క్రమము వేరొకటి చెప్పుచున్నది. కరవు నివారణకని సౌలు సంతతివారు ఏడుగురు గిబియోనీయులకు అప్పగింపబడి చంపబడిరి. రిస్పా బండమీద గోనెపట్ట పరచుకొని, కోత మొదలుకొని వాన కురియువరకు పక్షులను, మృగములను తోలుచుండెను. ఆ సంగతి రాజు చెవిని పడెను (వ. 11). అప్పుడే దావీదు ఎముకలను సమకూర్చి పాతిపెట్టించెను. దేవుడు దేశముకొరకైన విన్నపము ఆలకించెనని వ్రాయబడినది మరణశిక్ష తరువాత కాదు, ఆ సమాధి తరువాత (వ. 14). రాజనీతి పూర్తియైనదనుకొనిన చోట, ఒక తల్లి కావలి అది పూర్తి కాలేదని చూపెను.

ఒక భేదము గమనింపవలెను. రిస్పా ఎదుట దేహములుండెను. అర్జెంటీనా తల్లులకు అవియు లేవు. తమ బిడ్డ ఉండెనని రాజ్యముచేత ఒప్పించుటే వారి మొదటి పోరాటము.

క్షమాపణ ప్రశ్న

న్యాయము కోరుట శత్రువును ప్రేమించుమను ఆజ్ఞకు విరోధము కాదా అని విద్యార్థులు అడుగవచ్చును. 1986, 1987 సంవత్సరములలో అర్జెంటీనా చేసిన రెండు చట్టములు అనేక నేరస్థులపై విచారణను ఆపెను; 2003లో వాటిని రద్దుచేసిరి. తల్లుల పక్షమున రాజ్యమే క్షమించినట్లు నటించిన సంవత్సరములవి. గాయపడినవారి క్షమాపణను మరియొకరు ఇచ్చివేయలేరు. జక్కయ్య తాను అన్యాయముగా తీసికొనినది నాలుగంతలు తిరిగి ఇచ్చెదననెను (లూకా 19:8). ఆ యింటికి వచ్చిన రక్షణ లెక్కలను చెరిపివేయలేదు. ఆస్తీస్‌కు 2011లో యావజ్జీవ శిక్ష పడినది. ప్లాసా దె మాయో అమ్మమ్మల సంస్థ, అపహరింపబడి గుర్తింపబడిన మనుమలలో 140వ వ్యక్తిని 2025 జూలైలో ప్రకటించెను. ఆ తల్లులు అడుగుట మానియుంటే ఈ ఫలితములు ఉండెడివి కావు.

కొరతలున్నను ఈ చిత్రము సెమినరీ తరగతిలో చూపదగినది. రిస్పా భాగముతో కలిపి చదివిన యెడల మరింత మేలు. అట్టి తల్లి మన యొద్దకు వచ్చినప్పుడు ఆదరణ వాక్యము మొదట పలుకవలసినది కాదు. ఆమె బిడ్డ పేరు అడిగి వ్రాసికొనవలెను, ఏమి జరిగినదో చివరివరకు వినవలెను, ఆమె వెళ్లవలసిన కార్యాలయమునకు తోడుగా వెళ్లవలెను. ఆ తరువాత చేయు ప్రార్థనలో ఆమె కూడ ఆమేన్ అనగలదు.