పిల్లల తరఫు మనిషి

పిల్లల టీవీ కార్యక్రమానికి విద్యా సలహాదారుగా స్క్రిప్టు చేతిలోకి తీసుకున్నప్పుడు నేను వెతికేది ఒక్కటే. ఇది చూసి లేచిన అయిదేళ్ల పిల్లకు ఏం గుర్తుంటుంది? అక్షరాలు, అంకెలు, నీతులు ఎన్ని కుక్కినా ఆ పిల్ల మనసులో నిలిచేది కథ తనను కదిలించిన చోటే. పాఠం ఆ చోటే ఉండాలి. లేకపోతే పాట గుర్తుంటుంది, పాఠం జారిపోతుంది.

ఈ పనికి ఒక పద్ధతి నేర్పింది అమెరికాలోని పిల్లల టీవీ కార్యక్రమం 'సెసమీ స్ట్రీట్'. 1969 నవంబరు 10న అది ప్రసారమయ్యే నాటికే దాని వెనక ఏడాదికి పైగా కసరత్తు ఉంది. హార్వర్డ్ మనస్తత్వవేత్త జెరాల్డ్ లెసర్ ఆధ్వర్యంలో 1968 వేసవిలో సదస్సులు జరిగాయి. టీచర్లు, పరిశోధకులు, రచయితలు కలిసి కూర్చుని ఏం నేర్పాలో చర్చించారు. స్క్రిప్టులు ఆ తర్వాతి మాట.

పరిశోధన బాధ్యత ఎడ్వర్డ్ పామర్‌ది. ఆయన టీవీ పక్కన ఇంకో తెర పెట్టి, దాని మీద ఏడున్నర సెకన్లకో స్లైడు మారేలా చేశాడు. పిల్లల చూపు ఎప్పుడు టీవీని వదిలి అటు మళ్లుతుందో పరిశీలకులు రాసుకునేవారు. కార్యక్రమంలో కథ జరిగే వీధిలో మనుషుల మధ్య ఆడించే బొమ్మలు తిరిగితే పిల్లలు నిజాన్నీ కల్పననూ కలగలుపుకుంటారని నిపుణులు ముందే హెచ్చరించారు. అందుకని వీధి దృశ్యాల్లో మనుషులనే ఉంచారు. ప్రయోగాత్మక భాగాలు చూపిస్తే సరిగ్గా అక్కడే పిల్లల చూపు పక్కకు పోయింది. అప్పుడు నిపుణుల మాట పక్కనబెట్టి బొమ్మలను వీధిలోకి దించారు. బిగ్ బర్డ్, ఆస్కార్ అనే బొమ్మ పాత్రలు అలా పుట్టినవే. సలహాదారు చదువు ఎంత గొప్పదైనా, పిల్ల చూపు దాన్ని కాదంటే పిల్లదే చివరి మాట. నాకు ఈ వృత్తి మీద గౌరవం పెంచింది ఇదే.

ఇంకా కష్టమైన పరీక్ష 1982లో వచ్చింది. ఆ వీధిలో దుకాణదారు హూపర్‌గా నటించిన విల్ లీ చనిపోయాడు. ఆ పాత్ర ఎక్కడికో వెళ్లిపోయిందని సర్దేయవచ్చు. కానీ వాళ్లు నిపుణులను సంప్రదించి, హూపర్ చనిపోయాడనీ, ఇక తిరిగి రాడనీ 1983లో పిల్లలకు సూటిగా చెప్పారు. మన ఇళ్లలో తాతయ్య పోతే 'ఊరెళ్లాడు' అంటాం. పిల్లలు ఆ మాట నమ్మి గుమ్మం వైపు చూస్తూ కూర్చుంటారు. మెత్తగా చెప్పడం వేరు, అబద్ధం చెప్పడం వేరు.

1992లో తల్లిదండ్రుల విడాకుల గురించి ఒక భాగం తీశారు. ప్రసారానికి ముందు చిన్నపిల్లలకు చూపించి అడిగితే, అది వాళ్లను గందరగోళపెట్టి బాధపెట్టిందని తేలింది. పూర్తయిన ఆ భాగాన్ని ప్రసారం చేయలేదు. ఖర్చయిందని కాక, పిల్ల కలత పడిందని ఆలోచించడమే ఈ పనికి ప్రాణం.

మనకూ ఇందులో చరిత్ర ఉంది. 1975 ఆగస్టు నుంచి ఏడాదిపాటు సాగిన 'సైట్' ప్రయోగంలో ఆరు రాష్ట్రాల్లో సుమారు 2,400 గ్రామాలకు ఉపగ్రహం ద్వారా టీవీ చేరింది. వాటిలో ఆంధ్రప్రదేశ్ పల్లెలూ ఉన్నాయి. పొద్దున పూట బడి పిల్లల కోసం తెలుగులో కార్యక్రమాలు వచ్చేవి. పల్లె పిల్లను దృష్టిలో పెట్టుకుని తెలుగులో టీవీ పాఠం తయారుచేయవచ్చని యాభై ఏళ్ల కిందటే రుజువైంది.

తెలుగులో పిల్లల కోసం టీవీకైనా, ఫోనుకైనా కార్యక్రమాలు తీసేవాళ్లకు నా విన్నపం ఇది. స్క్రిప్టు పూర్తయ్యాక సంతకం కోసం టీచరును పిలవకండి, మొదటి వాక్యం రాయకముందే పిలవండి. తీసిన మొదటి భాగాన్ని దగ్గర్లోని అంగన్‌వాడీకి తీసుకెళ్లండి. పిల్లలకు వేసి చూపించి, మీరు మాత్రం వాళ్ల ముఖాలు చూడండి. ఎక్కడ చూపు పక్కకు పోయిందో అక్కడ మళ్లీ రాయండి.