అంబాసిడర్‌కి తగిన కన్ను

మోరిస్ ఆక్స్‌ఫర్డ్ కారు పోలికలతో పుట్టి, 2014 దాకా కోల్‌కతా దగ్గరి ఉత్తర్‌పారాలో తయారైన అంబాసిడర్‌కి ఒంటినిండా వంపులే. మిట్టమధ్యాహ్నపు ఎండలో అవి చదునైపోతాయి. అందుకే పని తెలిసిన ఫొటోగ్రాఫర్ పొద్దు వాలేదాకా ఆగుతాడు. కెమెరాను హెడ్‌లైట్ల ఎత్తుకి దించుతాడు. వైడ్ లెన్స్‌తో దగ్గరకెళ్తే బండి ముందు భాగం ఉబ్బినట్టు పడుతుంది కనుక, వెనక్కి జరిగి 85 ఎం.ఎం. లెన్స్ వాడతాడు.

అసలు పరీక్ష క్రోమ్ బంపరు దగ్గర. ఎదుటి కరెంటు స్తంభం, అతని చొక్కా, అన్నీ అందులో కనిపిస్తాయి. లెన్స్ ముందు తగిలించిన పోలరైజర్ ఫిల్టర్ తిప్పితే పెయింటు మీద, గాజు మీద ప్రతిబింబాలు తగ్గుతాయి. క్రోమ్ మాత్రం దానికి లొంగదు. స్తంభం పడని చోటు దొరికేదాకా బండినే జరిపించుకోవాలి, తాను పక్కకి తప్పుకోవాలి. ఖరీదైన కెమెరా కన్నా ఆ ఓపికనే నేను ఎక్కువగా మెచ్చుకుంటాను.