వంతెన మీద సాధకం

1959లో అమెరికన్ జాజ్ శాక్సోఫోన్ వాద్యకారుడు సోనీ రోలిన్స్ కచేరీలు ఆపేశారు. అప్పటికాయనకు ముప్ఫై ఏళ్లు నిండలేదు. 1956లో చేసిన ‘శాక్సోఫోన్ కొలోసస్’ రికార్డు తర్వాత జాజ్ లోకం ఆయన్ని నెత్తిన పెట్టుకుంది. అయినా జనం మెచ్చుకుంటున్నంత గొప్పగా తాను వాయించడం లేదని ఆయనకు అనిపించింది. పైకి ఆ మాట అనేవాళ్లు చాలామందే ఉంటారు. అందుకోసం వచ్చే డబ్బునీ పేరునీ పక్కనబెట్టి మళ్లీ సాధకానికి దిగినవాళ్లు అరుదు.

ఆయన ఇల్లు న్యూయార్క్‌లో గ్రాండ్ స్ట్రీట్ మీద ఒక అపార్ట్‌మెంట్. పక్క వాటాలో ఒక గర్భిణి. టెనర్ శాక్సోఫోన్ గొంతు తగ్గించి సాధన చేసే వాద్యం కాదు. అందుకని దగ్గర్లోని విలియమ్స్‌బర్గ్ వంతెన ఎక్కారు. కింద ఈస్ట్ రివర్‌లో పడవలు, పక్కనే రైళ్లు, కార్లు. చలికాలంలో కూడా మానలేదు. కొన్ని రోజులు పదిహేను గంటల దాకా అక్కడే.

దీన్ని ఏకాంత తపస్సు అంటారు చాలామంది. నాకు మాత్రం అక్కడి రొదే ముఖ్యమనిపిస్తుంది. గదిలో ఊదిన స్వరానికి గోడలు కాస్త బలమిస్తాయి. వంతెన మీద ఆ సాయం లేదు. రైలు చప్పుడును దాటి వినబడాలంటే ఊపిరి నిండుగా ఉండాలి, స్వరం సూటిగా ఉండాలి. పడవలు కూత వేస్తే ఆయన శాక్సోఫోన్‌తో బదులిచ్చేవారట. ఎంత ఇష్టమో ఆ మనిషికి ఆ పని!

వాయించడం, ఆలోచించడం ఒకేసారి కుదరవని రోలిన్స్ తరచూ అనేవారు. ఇది విని జాజ్ అంటే తోచింది వాయించేయడమే అనుకోకూడదు. వేదిక మీద అవధాని పద్యం అప్పటికప్పుడే పుడుతుంది, కానీ గణాలూ యతులూ ఎప్పుడో ఒంట్లో ఇంకి ఉంటాయి. ఇదీ అంతే. ఆలోచించాల్సిందంతా వంతెన మీద ఆలోచించేస్తేనే, కచేరీలో దాన్ని మరిచిపోగలిగే వీలు. రాసే పనిలో ఉన్నదాన్ని కాబట్టి ఈ మాట నన్ను పట్టుకుంది. వాక్యం గురించి నేను మరీ తెలివిగా ఉన్న రోజున ఆ వాక్యం బిగుసుకుపోతుంది.

1961లో రోలిన్స్ కచేరీలకు తిరిగొచ్చారు. మరుసటి ఏడాది ‘ది బ్రిడ్జ్’ రికార్డు వచ్చింది. ఈలోగా ఆర్నెట్ కోల్‌మన్ అనే మరో శాక్సోఫోన్ వాద్యకారుడు న్యూయార్క్ వచ్చి జాజ్ నియమాలనే కదిలించి ఉన్నారు. రోలిన్స్ కూడా ఏదో విప్లవం తెస్తారని ఎదురుచూసిన కొందరు విమర్శకులు పెదవి విరిచారు. వాళ్లు తప్పు చోట వెతికారని నా నమ్మకం. ఆ రికార్డులో పియానో లేదు. దాని స్థానంలో జిమ్ హాల్ గిటార్ ఉంది. ‘గాడ్ బ్లెస్ ది చైల్డ్’ వినండి. గిటార్ పలికే వేళ రోలిన్స్ ఎంత చోటు వదిలారో గమనించండి. స్వరాలు ఎక్కువ వాయించగల మనిషి అక్కడ తక్కువ వాయిస్తున్నారు, ఏ స్వరం నిలపాలో తెలిసి.