రెక్కల లెక్క

ఈ వారం ఒక కాలేజీ సభకి వెళ్ళాను. వేదిక మీద వక్త ఆసు యంత్రం తయారుచేసిన చింతకింది మల్లేశం గారి కథ చెబుతున్నారు. ఆరో తరగతితో బడి మానేసిన కుర్రాడు, 2017లో పద్మశ్రీ, 2019లో ఆయన మీద సినిమా. పెద్ద కలలు కనండి, పట్టు వదలకండి, మీరూ అంతటివాళ్ళు అవుతారు అని ముగించారు. పిల్లలు చప్పట్లు కొట్టారు. ప్రసంగం మొత్తంలో మల్లేశం గారి తల్లి లక్ష్మి గారికి దక్కింది ఒకే ఒక్క వాక్యం. ఆమె భుజం ఊసే రాలేదు.

బయటికి వస్తే ప్రహరీ పొడవునా ర్యాంకుల ఫ్లెక్సీలు. వాటి మీద నా కోపం ఈ కాలమ్ చదివేవాళ్ళకి కొత్త కాదు. ఏటా ఫలితాల రోజుల్లో రాస్తూనే ఉన్నాను. పేపరు మొదటి పేజీ నిండా పాస్‌పోర్టు ఫొటోలు, ఒక్కో మొహం కింద ఒక్కో అంకె. మనిషికి అంకె తగిలించి, ఇదే నీ బతుకు అనడం నాకు ఏనాడూ మింగుడుపడలేదు. ఆ రోజు కోపం ఇంకా పెరిగింది. లోపల మల్లేశం గారి కథని కూడా ఒక ర్యాంకుగానే చెప్పారు మరి.

ఆసు అంటే ఏమిటో చూసినవాళ్ళు ఆ కథని అలా చెప్పలేరు.

పోచంపల్లి, పుట్టపాక, కొయ్యలగూడెం వైపు చిటికి చీర, అంటే ఇక్కత్ చీర, నేసే ఇళ్ళలో, మగ్గం ఎక్కకముందే సగం పని అయిపోయి ఉంటుంది. అక్కడ రంగు అద్దేది బట్టకి కాదు, పోగుకి. చీరలో పువ్వు ఎక్కడ విచ్చుకోవాలో నేతకి ముందే పోగు మీద లెక్క కట్టాలి. అందుకు పేక పోగుని ఒక చట్రం మీద పరుస్తారు. ఒక కొసన ఒంటి మేకు, ఎదురుగా అర్ధచంద్రాకారంలో వరస మేకులు. పోగు ఈ కొస నుంచి ఆ కొసకి పోయి, మేకుని చుట్టి, మళ్ళీ వెనక్కి రావాలి. దాన్ని అలా తిప్పేది ఆ ఇంటి ఆడమనిషి చెయ్యి. దీన్నే ఆసు పోయడం అంటారు. ఒక్క చీరకి చెయ్యి సుమారు 9,000 సార్లు కదలాలి. నాలుగైదు గంటల పని. రోజుకి రెండు చీరలకి పోస్తే 18,000 సార్లు. ఒక్కో విసురు మీటరు అనుకున్నా, కూర్చున్నచోటు నుంచి లేవకుండానే ఆ చెయ్యి 18 కిలోమీటర్లు తిరుగుతుంది.

మా అమ్మమ్మ వాళ్ళది చౌటుప్పల్ దగ్గరి పల్లె. ఎండాకాలం సెలవుల్లో నా మకాం ఎక్కువగా పక్కింటి పద్మశాలీల అరుగు మీద. ఆ ఇంటి పెద్దావిడని అందరూ పెద్దవ్వ అనేవారు, నేనూ అలాగే పిలిచేదాన్ని. వెలుతురు కోసం వాకిలి పక్కన ఆసు పెట్టుకుని కూర్చునేది. పిల్లలకి ఆ ఇంట్లో ఒక ఉద్యోగం ఉండేది. పాత సైకిల్ ట్యూబులు సన్నటి పీలికలుగా కోసి ఇవ్వాలి. రంగు అంటకూడని చోట పోగుల్ని ఆ పీలికలతో బిగించి కట్టేవారు. రంగులో ముంచి, ఆరబెట్టి, కట్లు విప్పితే లోపల తెల్లగా మిగిలిన చుక్కలు కనిపించేవి. మళ్ళీ కట్టు, మళ్ళీ రంగు. ఆ విప్పే ఘడియ కోసం మేం అన్నం తినడానికి కూడా ఇంటికి వెళ్ళేవాళ్ళం కాదు. అంత అందం అంత మురికి రబ్బరు ముక్కల్లోంచి రావడం నాకు ఈ రోజుకీ ఆశ్చర్యమే.

పెద్దవ్వ మాత్రం ఆ కట్లు విప్పేటప్పుడు చూడ్డానికి వచ్చేది కాదు. అప్పటికే ఇంకో చీరకి ఆసు పోస్తూ ఉండేది. తెల్లటి నిండు జుట్టు ఆమెది. పొద్దున్నే కోడలు వెనక కూర్చుని దువ్వి కొప్పు ముడివేసేది. ముద్దు చేస్తోందనుకునేదాన్ని. సంగతి అది కాదు. పెద్దవ్వ కుడి చెయ్యి తల దాకా లేచేది కాదు. "రెక్క గుంజుతలేదా అవ్వా?" అని ఒకసారి అడిగాను. "గుంజకుంటె ఎట్ల బిడ్డా! గుంజుతదని ఆసు ఆపితె మగ్గం కూసుంటది" అంది. చెబుతున్నంతసేపూ చెయ్యి ఆగలేదు.

ఆలేరు దగ్గరి శారాజీపేటలో మల్లేశం గారి తల్లి లక్ష్మి గారిదీ ఇదే నొప్పి. కొడుకు 1992లో ఆ నొప్పి వెంట పడ్డాడు. యంత్రం పూర్తయ్యేసరికి 1999. ఆ ఏడేళ్ళలో హైదరాబాదు వెళ్ళి కూలికి పనిచేస్తూ, వచ్చిన డబ్బుతో భాగాలు కొనుక్కుంటూ కట్టాడు. దానికి తల్లి పేరే పెట్టాడు, లక్ష్మి ఆసు యంత్రం అని. చీరకి నాలుగైదు గంటలు పట్టే పని గంటన్నరకి దిగింది. నాకు ఇందులో బాగా నచ్చేది, ఆయన నేతలోంచి దేన్ని తీశాడు, దేన్ని ముట్టుకోలేదు అన్నది. పువ్వు లెక్క, కట్లు, రంగులు, గుంట మగ్గం మీద నేత, అన్నీ చేతికే వదిలేశాడు. మనిషిని విరిచే ఆ ఒక్క కదలికనే యంత్రానికి అప్పగించాడు.

సభ నుంచి తిరిగొచ్చి ఈ కాలమ్ మొదలుపెట్టినప్పుడు, చివరి పేరా మనసులో సిద్ధంగా ఉంది. ర్యాంకులూ అంకెలూ పక్కన పెడదాం, ఒక మనిషి ఒంట్లో నొప్పి తగ్గిస్తే అదే గెలుపు, చేతినిండా నచ్చిన పని ఉంటే అదే సుఖం. నేను ఏళ్ళుగా నమ్ముతున్నది ఇదే. కానీ పోచంపల్లిలో నిరుడు చూసిన ఒక గోడ ఈ పేరాని రాయనివ్వలేదు.

ఆ ఇంట్లో ఆసు యంత్రం ఉంది. తమ చీరలకే కాక, చుట్టుపక్కల ఇళ్ళవాళ్ళకీ కూలికి ఆసు పోసి ఇస్తారు. మగ్గం పైన గోడకి పేపరు పేజీ ఒకటి అతికించి ఉంది. ర్యాంకుల పేజీ. నాకు ఒళ్ళు మండే అదే పేజీ. ఎవరిదని అడిగాను. "ఎవ్వల్ది గాదక్కా. నా బిడ్డ ఇంటరు చదువుతున్నది. దాని పేరు సుత గిట్ల పడాలె" అంది ఆ తల్లి. ఇంత అందమైన పని వదిలి ఎందుకు అని నోటిదాకా వచ్చింది. ఆవిడే చెప్పింది: "మిషిని వచ్చినంక రెక్క నొప్పి తగ్గింది. కూలి పెరగలె."

2019-20 చేనేత గణన కాగితాల్లో ఉన్నదీ ఇదే. దేశంలో 31 లక్షలకి పైగా చేనేత కుటుంబాలు. వాటిలో దాదాపు మూడింట రెండు వంతుల ఇళ్ళకి నెల రాబడి 5,000 రూపాయల లోపే. పనిచేసేవాళ్ళలో నూటికి 70 మందికి పైగా ఆడవాళ్ళు. నెలకి 5,000 రాని ఇంటికి వెళ్ళి, డబ్బులో ఏముందమ్మా, తృప్తి ముఖ్యం అనే హక్కు నాకు లేదు. జీతం ఉన్నవాళ్ళు సెలవు రోజున మగ్గం నేర్చుకుని మనసు కుదుటపడిందంటే సంతోషమే. ఆ కుదురుకి వెనక బ్యాంకులో నెల జీతం ఉంది. గోడమీది పేజీ ఆ తల్లికి గొప్పల కోసం కాదు. మగ్గం ఇవ్వలేనిది కూతురికి ఎక్కడ దొరుకుతుందో ఆమె చదువుకున్న లెక్క అది.

అందుకే అంకెలు వద్దని ఇక అనను. ఇంకా కావాలి, వేరే అంకెలు. పోచంపల్లి ఇక్కత్‌కి 2005 నుంచి భౌగోళిక గుర్తింపు ఉంది. చీరకి చేనేత ముద్ర ఉంటుంది, ధర చీటీ ఉంటుంది. ఆసు ఎవరు పోశారు, ఎన్ని గంటలు, ఆ చేతికి ఎంత ముట్టింది అన్నది ఏ చీటీ మీదా ఉండదు. పిల్లల మార్కులు పేజీల కొద్దీ అచ్చువేసే మనం ఈ మూడు అంకెలు ఒక చిన్న చీటీ మీద రాయలేమా? కొనేవాళ్ళు అడగడం మొదలుపెడితే రాస్తారు. పట్టుచీర బిల్లు చేతికిచ్చేటప్పుడు అడగండి: ఇందులో ఆసుకి ఎంత, చిటికి కట్టినందుకు ఎంత, నేతకి ఎంత?

సొసైటీలవాళ్ళు, మాస్టర్ వీవర్లు, దుకాణాలవాళ్ళు ఈ కాలమ్ చదువుతారని నాకు తెలుసు. ఒక్క చీరకి మీరిచ్చే కూలిని ఇలా విడివిడిగా రాసి పత్రిక చిరునామాకి పంపండి. ఆసు పోసే అక్కలూ, అవ్వలూ మీకు ముట్టేదెంతో మీరూ రాయించి పంపండి. రెండు లెక్కలూ పక్కపక్కనే ఇక్కడ అచ్చు వేస్తాను.